కంచి ముట్టిన చేయి

కదిరమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. తలదగ్గర పళ్లెంలో రాగి సంగటి ముద్ద ఆరి పగుళ్లు బారుతోంది. పక్కనున్న ఊరిబిండి పచ్చడి మీద ఈగ వాలితే కేశవ తోలాడు.

"లేయమ్మా. నిన్నటి నుంచి కడుపులో ఏం లేదు."

"నాకొద్దు రా."

"వద్దంటే ఎట్ల? రేపు సాయంత్రానికి ఆసుపత్రిలో చేరల్ల. ఇట్ల కడుపు మాడ్చుకొని పోతే డాక్టరమ్మ వెనక్కి పంపిస్తాది."

"పంపించేకి, పోతే కదా. నేను పోను."

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో దూలం మీద ఏదో బల్లి కిచకిచమంది. కదిరమ్మ పడుకున్న చోటినుంచే చేయి చాచి వేలితో నేలమీద తట్టింది. బల్లి పలికితే మాట ఖాయమైనట్టే. కేశవ తలెత్తి దూలం వైపు చూశాడు. ఆ చూపు గనక తగిలి ఉంటే ఆ బల్లి కూడా కిందపడేది.

నిన్న పొద్దున జరిగింది ఇంట్లో ముగ్గురికీ తెలిసిందే. కదిరమ్మ పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తుంటే మిద్దె దూలం మీంచి ఒక బల్లి ఊడి సరిగ్గా ఆమె నడినెత్తిన పడింది. ఆమె తలకు పోసుకుంది, దేవుడి దగ్గర దీపం పెట్టింది, మంచం ఎక్కింది. ఒంట్లో ఎక్కడ బల్లి పడితే ఏం ఫలమో పంచాంగం వెనక పుటల్లో అచ్చేసి ఉంటుంది. ఆడవాళ్లకు నడినెత్తి అంటే ఏమిటో తెలుసుకోవడానికి కదిరమ్మకు పంచాంగమూ అక్కర్లేదు, కళ్లూ అక్కర్లేదు. ప్రాణగండం.

కళ్లంటే, ఆమెకు మిగిలింది ఒకటే. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటిలో శుక్లం బాగా ముదిరిందనీ, ఈ సోమవారం ఆపరేషన్ తప్పితే ఆ కన్నూ దక్కదనీ బత్తలపల్లి ఆసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంత కాలం వాయిదాలు వేసుకుంటూ వచ్చి, చివరికి కొడుకు కోడలి పోరు పడలేక సరేనన్న మనిషి మళ్లీ మొదటికి వచ్చింది.

"గండం ఉండే మనిషిని కత్తి కింద పండబెడతావా? నువ్వే చెప్పు," అంది కదిరమ్మ గోడతోనే.

జవాబు లేనప్పుడు మొగవాళ్లు చేసే పనే కేశవ కూడా చేశాడు. పెళ్లాం మీదికి తిరిగాడు.

"నీ పుణ్యమే ఇదంతా. చీపురుతో కొట్టొద్దు, తోలొద్దు అని ఇంట్లో బల్లులకు అల్లుళ్ల మర్యాదలు చేయిస్తివి. ఇప్పుడు చూడు."

వనజాక్షి గడప దగ్గర నిలబడి ఉంది.

"దాన్నేం అనొద్దు రా," అంది కదిరమ్మ. "అది బల్లికాళ్లు సదువుకుంటాంది. సదువుకోనీ. నా నెత్తిన పడింది నా కర్మ. దానికేం సంబంధం?"

ఆ మాట వనజాక్షికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. భర్త తిట్టింది అసలు పట్టనే లేదు.

కేశవ కాసేపు పంచె అంచు నలుపుకుంటూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దమ్మను పిలుచుకొని వస్తా. కంచి బల్లిని ముట్టిన చేయి పెట్టించుకుంటే దోషం పోతాది కదా," అన్నాడు.

పెద్దమ్మ అంటే తిమ్మక్క. గోడ అవతలి ఇల్లే. కదిరమ్మకు తోడికోడలు, వరసకు అక్క.

కదిరమ్మ లేచి కూర్చుంది. నిన్నటి నుంచి ఆమె తనంతట తాను లేచి కూర్చోవడం అదే మొదటిసారి.

"దాని చేయా? నా నెత్తినా? ఆ చేతికి కంచిలో బంగారు బల్లి తగిలింది ఎవరి వల్లరా? నేను మెట్ల కింద చెప్పులకూ సంచులకూ కావలి కూచున్నందుకు. 'నేను ముట్టి వస్తా కదిరమ్మా, మళ్ల నువ్వు పోదువు' అనింది. బస్సు వాడు హారను కొట్టినాంక వచ్చింది. 'ఇంగ టైము లేదు, నడు' అని నా రెక్క పట్టుకొని ఈడ్చుకొని పోయింది. అంత దూరం పోయి నేను చూసింది ఏందిరా? చెప్పులు."

"అది జరిగి పన్నెండేండ్లాయె."

"అయితే? చెప్పులు బంగారువైనాయా?"

ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది. కేశవ పళ్లెం తీసి వనజాక్షి చేతిలో పెట్టి, బోరు మోటారు చూసి వస్తానని వెళ్లిపోయాడు. బోరులో నీళ్లు లేక నెల దాటిందని అందరికీ తెలుసు.

*

వెనక గదిలో వడ్లగాదె చాటున గాజు సీసా ఉంది. మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. వనజాక్షి దాన్ని వెలుతురుకు పట్టుకుంది.

లోపల బల్లి సీసా అడుగున కూర్చుని ఉంది. ఆరోగ్యంగా ఉన్న బల్లి గాజు సీసాలో అడుగున కూర్చోదు. ఎక్కుతుంది. ఇది ముందరి కాలు గాజుకు ఆనించి, జారి, ఊరుకుంటోంది. కాలివేళ్ల సందుల్లో నీలం రంగు ముద్ద ఇంకా అంటుకునే ఉంది.

నిన్న పొద్దున అత్త తలకు పోసుకుంటున్న గడబిడలో రాగుల కుండ వెనక వనజాక్షికి దొరికింది ఈ బల్లే. ఆ నీలం చూడగానే ఎవరికీ కనబడకుండా తెచ్చి సీసాలో వేసింది.

బెంగుళూరు ల్యాబులో ఆమె చేసే పని జిగురు లేని పట్టీ. బల్లి కాలివేళ్ల కింద కంటికి ఆనని పోగులు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్క పోగు కొస మళ్లీ వందలుగా చీలి గోడకు ఎంత దగ్గరగా చేరుతుందంటే, ఆ దగ్గరతనమే పట్టుగా మారుతుంది. కిందికి లాగితే బిగుస్తుంది, వేలు వెనక్కి చుట్టితే వదిలేస్తుంది. అలాంటి నానో పోగులను పాలిమర్‌తో అచ్చు పోసి, తపాలా బిళ్లంత ముక్కలు చేయడం నేర్చుకుంది వనజాక్షి. పోయిన ఏడాది ఒక ముక్కను ఇంటికి తెచ్చి ఇనుప బీరువాకు నొక్కి దానికి చెంబెడు నీళ్లు వేలాడదీసింది. కదిరమ్మ ఆ చెంబు చుట్టూ చేయి తిప్పి తిప్పి చూసి, తాడేమీ లేదని తేల్చుకుని, వీధిలో ఆడవాళ్లనందరినీ పిలిచింది. వాళ్లు వచ్చేలోపల ఆషాఢం గాలికి ఇల్లంతా దుమ్ము లేచింది. పట్టీని తీసి మళ్లీ అతికిస్తే చెంబు అందరి ముందూ కిందపడింది.

"మీ బల్లికి మా గాలి పడలే," అని కదిరమ్మే నవ్వి సర్దేసింది.

దుమ్ము. అక్కడే ఆగిపోయింది వనజాక్షి చదువు. అదే దుమ్ములో బల్లి జీవితమంతా తిరుగుతుంది, ఒక్కనాడూ కాళ్లు కడుక్కోదు, పడదు. అది ఎలాగో చూడమని గైడు సెలవు ఇచ్చి పంపాడు. మొన్న సాయంత్రం ఆమె ఒక బల్లిని పట్టి, పళ్ల డాక్టర్లు పన్ను అచ్చు తీసే నీలం ముద్ద కలిపి, కాలి అచ్చు తీయబోయింది. ముద్ద గట్టిపడక ముందే బల్లి కాలు లాక్కుంది. వేళ్లలో కొంచెం మిగిలితే ఏమవుతుందిలే, అదే రాలిపోతుందిలే అనుకుని గోడమీద వదిలేసింది. ఆ 'లే' అన్న మాటే తెల్లవారేసరికి అత్త నెత్తిన పడింది.

ఆ బల్లిని వెతికి పట్టి ఇచ్చింది కూడా కదిరమ్మే. కళ్లు కనబడకపోయినా చప్పుడును బట్టి, "అదో, ఉట్టి పక్కన ఉండాది చూడు వనజా," అని చూపించింది. పెళ్లయ్యాక కోడలిని బెంగుళూరు చదువుకు పంపుతారా అని బంధువులు ముక్కున వేలేసుకుంటే, "పోనీండి. మా కోడలు బల్లికాళ్లు సదువుతాంది. మీ కోడండ్లు ఏం సదువుతాండారు?" అని అడిగిన మనిషి. ఆ మనిషి ముందు నిలబడి 'అత్తా, నీ నెత్తిన పడేసింది నేనే' అని చెప్పాలి. వనజాక్షికి భయం వేసింది. తిడుతుందని కాదు. ఇక ఎప్పుడూ చెంబు చుట్టూ చేయి తిప్పి చూడదేమోనని.

సీసాను గాదె చాటున పెట్టి, కొంగు సర్దుకుని, పెద్దత్త ఇంటికి నడిచింది. చెప్పకుండా పని జరిగే దారి ఒకటుంటే దాన్నే ముందు చూడడం మనుషుల లక్షణం.

*

తిమ్మక్క పడసాలలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, పడిన రోజు మాత్రం విత్తనం సిద్ధంగా ఉండాలి. వనజాక్షి అడగకుండానే ఎదురుగా కూర్చుని చేటలోంచి గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.



"తినిందా?" అంది తిమ్మక్క. ఎవరని చెప్పలేదు.

"లేదు పెద్దత్తా."

"మొండిది."

మళ్లీ కాయలు.

"పెద్దత్తా, నువ్వొకసారి వచ్చి చేయి పెడితే..."

"పిలిచిందా?"

"పిలవలే."

"మళ్ల?"

వనజాక్షికి ఒళ్లు మండింది. ఆ మంట దాచుకోలేదు. "ఊర్లో ఎవరి మీద బల్లి పడినా పెడతావు. ముదిగుబ్బ నుంచి వచ్చినోళ్లకు కూడా పెడతావు. మా అత్తకు పెట్టేకి మాత్రం పిలుపు కావల్లా? సోమవారం పోకపోతే ఆమెకు కన్ను పోతాది. ఆ మాట నీకు తెల్దా?"

తిమ్మక్క చేతులు ఆగిపోయాయి. ఆమెకు కోపం వస్తుందని వనజాక్షి అనుకుంది. రాలేదు. ఆమె తన కుడిచేతిని తిప్పి, అరచేయి చూసుకుంది. చెనిక్కాయ పొట్టు, మన్ను.

"తలుపు దగ్గరికెయ్యి," అంది.

వనజాక్షి లేచి తలుపు మూసి వచ్చింది.

"ఈ చేయి కంచి బల్లిని ముట్టలేదు."

విన్నది సరిగ్గా విన్నానా అని వనజాక్షి చూస్తుండిపోయింది.

"పైకి పోయినా. వరస యాడికో ఉండాది. ఇంగ నాముందర నలుగురుండంగ కింద హారను వినపడె. దిగొచ్చేస్తి. కదిరమ్మ సంచులు ఒళ్లో పెట్టుకొని కూచోని ఉండాది. నన్ను చూస్తానే 'ముట్టినావా అక్కా' అనె. మొగం ఎంత ఆశగా పెట్టుకొని అడిగిందో నీకేం తెలుసు. లేదంటే ఇద్దరం చెడినట్లు. ఒకరన్నా ముట్టినామంటే దానికి కొంచెం తృప్తి ఉంటాదనుకొని, 'ఊ' అంటిని."

"ఊ అన్నావా."

"అంటిని. అది బస్సులో ఏడ్చుకుంటా వచ్చె. అంతలో పక్క సీట్లో ఆడోళ్లు, ముట్టిన చేయంట, ముట్టిన చేయంట అని నా చేయి పట్టుకునేకి మొదలుపెట్టిరి. ఒకసారి అందరి చేతుల్లో పెట్టినాంక ఆ చేయిని వెనక్కి తీసుకునేది ఎట్లమ్మా?"

పన్నెండేళ్లుగా ఊరంతా కళ్లకద్దుకుంటున్న చేయి అది. వనజాక్షికి నవ్వు రావలసిన సంగతే. రాలేదు.

"ఊరోళ్లకు పెడతాండావు కదా మరి."

"వాళ్లకు పెట్టొచ్చు. వాళ్లకు కావల్సింది భయం పోయేది. పోతాది. మంచిగ తిని పండుకుంటారు. దీనికెట్ల పెట్టేది? నేను పైకి పోయేకే కదా ఇది కింద కూచునింది. ఏం సాధించుకొని వచ్చినానని దీని నెత్తిన చేయి పెట్టల్ల?" తిమ్మక్క ముక్కు చీదుకుంది. "పిలవలే అనేది ఒక సాకు. పిలిస్తే ఏం చేయల్లో తెలీక నిన్నటి నుంచి నేను కూడా తినలే."

వనజాక్షి చేటలో గింజలను వేలితో అటూ ఇటూ జరిపింది. అంత పెద్దావిడ తన ముందు ఇంత బరువు దించుకున్నాక తన బరువు మోసుకుంటూ లేచిపోవడం ఆమెకు చేతకాలేదు.

"ఆ బల్లి దానంతట అది పడలేదు పెద్దత్తా. దాని కాళ్లకు నేను ముద్ద పూసినా. పట్టు లేక పడింది."

తిమ్మక్క ఆమె ముఖంలోకి చూసింది.

"ఇద్దరం కూడి కదిరమ్మకు బాగానే చేసినాం," అంది. "ఇంగ చెప్పు. నువ్వు ముందు చెప్తావా, నేను ముందు చెప్పల్లా?"

"నాదే దగ్గరిది. నేనే చెప్తా."

"పో. నేను ఈ కాయలు ఎత్తిపెట్టి వస్తా. వాకిట్లో నిలబడతా. పిలిస్తే వస్తా, లేకుంటే లేదు."

*

మధ్యాహ్నం ఎండ మిద్దె కప్పులోని గవాక్షిలోంచి దిగి నట్టింట్లో బండమీద చతురస్రంగా పడి ఉంది. కదిరమ్మ మంచం ఆ వెలుగుకు కొంచెం ఎడంగా ఉంది. వనజాక్షి మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"అత్తా, నీకొక మాట చెప్పల్ల."

"తినమని తప్ప ఏమైనా చెప్పు."

వనజాక్షి చెప్పింది. అచ్చు తీయబోయిన సంగతి, ముద్ద ఆరకముందే బల్లి కాలు లాక్కున్న సంగతి, పోతుందిలే అనుకుని వదిలేసిన సంగతి, రాగుల కుండ వెనక దొరికిన సంగతి. సమర్థించుకునే మాట ఒక్కటీ చేర్చలేదు. చేరుద్దామనుకున్నవి రెండు మూడు ఉన్నాయి గానీ వదిలేసింది.

వీధిలో ఎవరో గొర్రెలు తోలుకుపోతున్నారు. ఆ మంద అంతా దాటిపోయాక కదిరమ్మ ఇటు తిరిగింది.

"దానికేమైనా దెబ్బ తగిలిందా?"

"దేనికి అత్తా?"

"బల్లికి."

"లేదు. ఎక్కలేకపోతాంది, అంతే."

"పాపం. నిన్ననే ఎందుకు చెప్పలే?"

"భయపడినా."

"నాకా?"

"ఊ."

"నేను ఈడ చస్తా అని పండుకుంటే నువ్వు నాకు భయపడుకుంటా కూచున్నావా. బాగుండాది." గొంతు పెద్దది కాలేదు, కానీ గట్టిపడింది. "నీకు నేనే కదా పట్టిచ్చింది. పట్టిచ్చిన దానికి ఒక మాట చెప్పల్లని లేదా? నేనేం నీ మొగుని మాదిరి అరుస్తానా?"

వనజాక్షి తల వంచుకుంది. కన్నీళ్లు వస్తే రానిచ్చింది.

"ఏడ్వద్దు. ఇప్పుడేమంటావు? ఇది శకునం కాదంటావా?"

"కాదు అత్తా. నా తప్పు. గండం గిండం ఏం లేదు. రేపు పోదాం."

కదిరమ్మ లేచి కూర్చుని వెంట్రుకలు ముడివేసుకుంది. ఆలోచించేటప్పుడు ఆమె అలా చేస్తుంది.

"నీ మాట నిజమేనని నాకేం నమ్మకం? నన్ను బస్సెక్కించేకి తప్పు నెత్తినేసుకొని కత చెప్తాండావేమో. నువ్వు అట్ల చేసే దానివే."

"అత్తా, ఒట్టు..."

"ఒట్లు వద్దు. ఆ బల్లిని తీసుకొని రా. కాళ్లకు ఉండేదంతా తీసి, నా ముందర ఈ గోడకు పెట్టు. అది ఎక్కితే నువ్వు చెప్పింది నిజం, అది నీ ముద్ద వల్లనే పడింది. నేను సంగటి తిని ఆసుపత్రికి పోతా. ఎక్కకపోతే దానికీ కాలం తీరిందని, నాకూ తీరిందని. ఇంగ నన్ను కదిలించొద్దు."

ముద్ద తీయవచ్చు. పట్టుకారుతో, దూదితో ఓపిగ్గా తీయవచ్చు. కానీ ఆ ముద్దలోని నూనె పోగుల మధ్య మిగిలితే ఈ పూటకు పట్టు రాదు. బల్లి పొర విడిచి కొత్త తోలు వచ్చేదాకా ఆగాలి. దానికి వారాలు పడతాయి. సోమవారం అంతవరకు ఆగదు.

"ఎక్కుతుందని ఖాయంగా చెప్పలేను అత్తా."

"చెప్పొద్దు. పెట్టు. చెప్పేది వేరే మనిషి. నాకు కానరాదు. నువ్వు చెప్తే నమ్మను. కేశవగాడు చెప్తే అసలే నమ్మను. వాడు నన్ను పంపించేకి గోడే ఎక్కింది అంటాడు." కదిరమ్మ ముఖం వాకిలివైపు తిప్పింది. "అది వాకిట్లో నిలబడుకోని ఉండాది కదా. చెనిక్కాయల మన్ను వాసన వస్తాంది. దాన్ని చూసి చెప్పమను."

"పెద్దత్తనా?"

"ఊ. అది నా మంచి కోరి అబద్ధం చెప్పే మనిషి కాదు."

వాకిట్లో తిమ్మక్క ఆ మాట విన్నది. ఆమె ముఖం చూడలేక వనజాక్షి సీసా తేవడానికి వెనక గదిలోకి వెళ్లింది.

*

ముద్ద తీయడానికి చాలాసేపు పట్టింది. వనజాక్షి ఎండ పడిన బండమీద కూర్చుని, బల్లిని ఎడమచేతి గుప్పిట్లో పట్టుకుని, పట్టుకారుతో నీలం పొరలను ఒక్కొక్కటే లాగింది. తిమ్మక్క గడప లోపల నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె కూర్చోలేదు. పన్నెండేళ్ల తర్వాత ఆమె ఆ గడప దాటడం ఇదే.

"పెడతాండా," అంది వనజాక్షి.

సున్నం కొట్టిన గోడ. మోకాలెత్తున బల్లిని ఆనించి, వేళ్లు ఒక్కొక్కటే తీసింది. బల్లి నిలిచింది. కదలలేదు. దాని పొట్ట ఎగిసిపడుతోంది.

"ఏం చేస్తాంది?" అంది కదిరమ్మ గాలిలోకి.

ఎవరినడిగిందో వాళ్లకు తెలుసు. తిమ్మక్క గొంతు సవరించుకుంది.

"నిలబడుకోని ఉండాది."

"ఎక్కుతాందా?"

"ముందరి కాలు ఎత్తింది. పెట్టింది. ఇంకో కాలు ఎత్తింది."

బల్లి జానెడు పైకి పాకింది. అక్కడ వెనక కాలు జారింది, దాని వెంట ముందరి కాలు, బల్లి గోడవెంట బరబరా జారి కింద బండమీద వెల్లకిలా పడింది. చప్పుడు ఏమంత కాలేదు. కళ్లు లేని మనిషికి తెలిసేంత మాత్రం కాలేదు.

వనజాక్షి తిమ్మక్క వైపు చూసింది. ఎక్కిందని చెప్పు అని ఆ చూపుకు అర్థం. పై దూలం ఎక్కేసింది అని ఒక్క మాట చెబితే చాలు. సంగటి తింటుంది, రేపు బస్సెక్కుతుంది, కన్ను దక్కుతుంది. వనజాక్షి చేతులు రెండూ జోడించింది. నిజం చెప్పి గంట కాలేదు, అప్పుడే ఆమె అబద్ధం కోసం దండం పెడుతోంది. కన్ను ముందు నిజమెంత అని ఆ క్షణంలో ఆమెకు మనస్ఫూర్తిగా అనిపించింది.

తిమ్మక్క ఆ చేతులు చూసింది. తన కుడిచేయి చూసుకుంది. 'ఊ' అనడం ఎంత తేలికో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"అక్కా," అంది కదిరమ్మ. "ఎక్కిందా?"

అక్కా అన్న పిలుపు విని తిమ్మక్క కళ్లు మూసుకుంది.

"లేదు కదిరమ్మా. ఎక్కలే. జారి పడింది."

వనజాక్షి చేతులు ఒళ్లో పడిపోయాయి.

నట్టింట్లో వెలుగు చతురస్రం కొంచెం జరిగింది. కదిరమ్మ మోకాళ్లమీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె ముఖంలో భయం కనిపిస్తుందని వనజాక్షి చూసింది. కనబడింది ఇంకేదో. అక్క తనతో నిజమే చెప్పిందని తెలిసి, చాలాకాలంగా బిగపట్టుకున్నదేదో వదిలినట్టుగా ఉంది ఆ ముఖం.

"ఎంత ఎత్తు పోయింది?"

"జానెడు పోయింది."

"జానెడు పోయిందా. మళ్ల పెట్టు వనజా."

"అత్తా, మళ్లీ పడినా..."

"నిన్న దూలం మీంచి పడింది, ఇప్పుడు జానెడు ఎక్కింది కదా. అంటే కాలం ఇంకా తీరలే. పెట్టు."

వనజాక్షి బల్లిని ఎత్తింది. అప్పుడు చూసింది, అది జారిన దారిలో సున్నం మీద సన్నని నీలం గీత ఉంది. తను పట్టుకారుతో తీయలేనిదాన్ని బల్లి కాలు జారుతూ, పట్టుకుంటూ గోడకే తుడిచేసింది. నడకతోనే కాలు శుభ్రపడడం, ఏడాదిగా తను వెతుకుతున్నది ఇదేనేమోనని ఒక్కసారి తోచింది. ఇప్పుడా అది, అని తనను తానే తిట్టుకుని బల్లిని మళ్లీ గోడకు ఆనించింది.

"నువ్వెందుకు నిలబడుకోనుండావు?" అంది కదిరమ్మ. "కూచో. అది ఎక్కేదాకా నువ్వు యాడికీ పోవద్దు. ఉండేది ఉండేట్లు చెప్పు."

తిమ్మక్క వచ్చి మంచం కోడు పక్కన నేలమీద కూర్చుంది. కుడిచేయి కొంగులో చుట్టుకుంది.

"కదిరమ్మా, నీకొక మాట చెప్పల్ల. కంచిది."

"బల్లి ఎక్కినాంక చెబుదువు. ఇప్పుడు గోడను చూడు. ఏం చేస్తాంది?"

తిమ్మక్క గోడవైపు చూసింది.

"కాలు ఎత్తింది," అంది. "ఇంకా పెట్టలే."